పోయిన ఆటకి మందు ఈ ఆటలో వేసుకుంటే

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు నలభై దాటింది. బట్టల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూస్తారు. ఆయన బావమరిది గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో పనిచేస్తాడు. పోయిన దసరా నుంచి వీళ్ళిద్దరూ రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్‌లో నౌకాయుద్ధం ఆడుకుంటున్నారు. 1942 నాటి పసిఫిక్ యుద్ధం అది. ఈయనది అమెరికా, బావమరిదిది జపాన్. ఒక్కో టర్ను అంటే ఆటలో ఒక గంట. బావమరిది ఆర్డర్లు పెట్టి ఫైలు మెయిల్ చేస్తాడు. ఈయన తన ఆర్డర్లు కలిపి టర్ను నడిపి, ఫలితం తిప్పి పంపుతారు.

ఇప్పటికి నాలుగు ఆటలయ్యాయి, నాలుగూ ఈయనే ఓడిపోయారు. మొదటి ఆటలో, విమానాలు మోసే క్యారియర్ ఓడల కోసం వెతికే స్కౌట్ విమానం "క్యారియర్ కనపడింది" అనగానే ఉన్న విమానాలన్నీ పంపేశారు. తీరా వెళ్ళి చూస్తే అది చమురు ఓడ. అవి తిరిగొచ్చేలోపే ఈయన క్యారియర్ల మీద బాంబులు పడ్డాయి. రెండో ఆటలో ఆ భయంతో, వార్త ఖాయమయ్యేదాకా ఆగుదామని విమానాలకి బాంబులు, పెట్రోలు నింపి క్యారియర్ పైభాగం, అంటే డెక్ మీదే ఉంచారు. బావమరిది వచ్చి ఆ డెక్ మీదే బాంబులు వేశాడు. మూడో ఆటలో ఎవరికీ అందనంత దూరంలో ఉండి, అక్కడినుంచే విమానాలు పంపారు. ఒక క్యారియర్‌కి దెబ్బ తగిలింది కానీ తిరుగు దారిలో సగం విమానాలు పెట్రోలు అయిపోయి సముద్రంలో పడ్డాయి. నాలుగో ఆటలో, శత్రు విమానాల్ని ఎదుర్కొనే ఫైటర్లన్నీ ఇంటి కాపలాకే పెట్టుకున్నారు. కాపు లేకుండా వెళ్ళిన బాంబర్లలో తిరిగొచ్చినవి మూడు.

ఇంతవరకు ఆట సంగతి. సంక్రాంతికి గుంటూరు అత్తవారింటికి వెళ్తే, భోజనాల దగ్గర బావమరిది "మా బావగారికి ఓడలిస్తే పుష్కర స్నానం చేయించినట్టు చేయిస్తారు, ఒక్కటీ పైకి రాదు" అన్నాడట. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఈయన పదేళ్ళ కొడుకు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఈయన నోరు విప్పలేదు. "ఆట అయినా మానెయ్యండి, మొహం అయినా మామూలుగా పెట్టుకోండి" అన్నది వాళ్ళావిడ మాట.

ఉత్తరం నాలుగో పేజీలో అసలు సంగతి ఉంది. నాలుగో ఆటలో ఈయన రెండుసార్లు ఫైలుకి కాపీ తీసి పెట్టుకుని, టర్ను నడిపి, ఫలితం నచ్చక, కాపీ తెరిచి వేరే ఆర్డర్లు ఇచ్చారు. "అయినా ఓడిపోయాను. ఇది ఇంకా సిగ్గుగా ఉంది" అని రాశారు. ఆయన అడిగినవి మూడు: ఆట మానెయ్యాలా? బావమరిదికి చెప్పెయ్యాలా? అసలు ఎన్ని ఫైటర్లు ఇంట్లో ఉంచి ఎన్ని పంపాలో ఒక లెక్క చెప్పండి.

జవాబు:

మోసం చేసి కూడా ఓడిపోయానని రాసిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అందుకని మీ ఉత్తరం చివరినుంచి మొదలుపెడదామనుకున్నాను గానీ, ముందు ఆట సంగతి తేల్చకపోతే ఆ సిగ్గు దేనికో మీకే అర్థం కాదు.

మీరు నాలుగు ఓటములని రాశారు. నాకు ఒక గొలుసు కనపడింది. మొదటి ఆటలో తొందరపడ్డారు. రెండో ఆటలో తొందరపడకూడదని కూర్చున్నారు. మూడో ఆటలో కూర్చుంటే కొడతారని దూరంగా పోయారు. నాలుగో ఆటలో విమానాలు పోతున్నాయని ఫైటర్లని కదలనివ్వలేదు. ప్రతి ఆటలోనూ పోయిన ఆటతో పోట్లాడుతున్నారు. నిన్నటి జ్వరానికి ఇవాళ మందు వేసుకుంటున్నారు, ఇవాళ వచ్చిందేమో కడుపునొప్పి. మీ బావమరిది అంత మొనగాడేం కాకపోవచ్చు. మీ తర్వాతి ఎత్తు ఏమిటో అతనికి ముందే తెలుస్తోంది, అంతే.

ఇంకొకటి. మీరు చేసిన నాలుగు తప్పుల్లో కొత్తది ఒక్కటీ లేదు. నిజం యుద్ధంలో, జీవితమంతా ఓడల మీదే గడిపిన అడ్మిరల్స్ ఇవే చేశారు.

చమురు ఓడ సంగతే తీసుకోండి. 1942 మే 7, కోరల్ సీ యుద్ధం. రెండు పక్షాల ఓడలు ఒకదాన్నొకటి కంటితో చూడకుండానే ముగిసిన మొదటి నౌకాయుద్ధం అది. జపాన్ స్కౌట్ ఒక క్యారియర్, ఒక క్రూయిజర్ కనిపించాయని వార్త పంపాడు. 78 విమానాలు వెళ్ళాయి. అక్కడున్నది నియోషో అనే చమురు ఓడ, దానికి తోడుగా సిమ్స్ అనే డెస్ట్రాయర్. అదే రోజు పొద్దున అమెరికా వాళ్ళకీ ఒక వార్త వచ్చింది: రెండు క్యారియర్లు, నాలుగు పెద్ద క్రూయిజర్లు అని. వీళ్ళు 93 విమానాలు పంపారు. తర్వాత తెలిసింది, స్కౌట్ చూసింది మామూలు యుద్ధనౌకల్నే, సంకేత భాషలోకి మార్చేటప్పుడు అవి క్యారియర్లయ్యాయని. అయితే ఆ దారిలోనే షోహో అనే చిన్న జపాన్ క్యారియర్ దొరికి మునిగింది. ఒకే రోజు, ఒకే తప్పు, ఇద్దరూ చేశారు. ఒకళ్ళకి చమురు ఓడ దక్కింది, ఇంకొకళ్ళకి క్యారియర్.

ఈ ఆటలో స్కౌట్ వార్తని మిర్చి యార్డు ధరలా చూడాలి. పొద్దున పదింటికి యార్డు నుంచి ఎవరో ఫోన్ చేసి క్వింటా ఇంత అన్నారంటే, అది అప్పటి ధర. మీరు విజయవాడలో లారీ ఎక్కించి గుంటూరు చేర్చేసరికి ఆ ధర ఉండదు. పైగా ఫోన్ చేసినవాడు తేజా రకం మిర్చి అన్నది నిజంగా తేజానో కాదో కూడా తెలీదు. ఈ విద్య మీ బావమరిదికి వృత్తి! మీరు ఆ వార్తని రిజిస్టర్డ్ దస్తావేజులా పట్టుకున్నారు.

అలాగని వార్తని నమ్మకుండా కూర్చుంటే రెండో ఆట అవుతుంది. మరి ఏం చెయ్యాలి? వార్త రాగానే చూడాల్సింది అందులో ఏ ఓడ పేరుందన్నది కాదు. ఆ గుంపు ఎంత వేగంగా కదులుతోంది? చమురు ఓడలు ఉన్న గుంపు మెల్లగా పోతుంది. మీ స్కౌట్‌ని తరమడానికి ఫైటర్లు పైకి లేచాయా? తీరానికి దూరంగా, నడి సముద్రంలో ఫైటర్లు కనిపించాయంటే దగ్గర్లో ఎక్కడో డెక్ ఉంది. స్కౌట్ వార్త సగంలో ఆగిపోయి, మళ్ళీ పలకలేదా? నా మటుకు అదే అన్నిటికంటే మంచి వార్త. "క్యారియర్ కావచ్చు" అన్న మాటకంటే, మాట్లాడుతూ మాట్లాడుతూ మాయమైన స్కౌట్‌నే నేను నమ్ముతాను.

రెండో ఆట గురించి ఎక్కువ చెప్పాలి. మీకు తెలియకుండానే, పసిఫిక్‌లో మిడ్‌వే దీవి దగ్గర జరిగిన యుద్ధాన్ని ఆడారు. 1942 జూన్ 4 పొద్దున ముగ్గురు అడ్మిరల్స్ ముందుకి మీ ప్రశ్నే వచ్చింది: ఇప్పుడే పంపనా, ఆగనా? ముగ్గురూ మూడు రకాలుగా తేల్చుకున్నారు.

అమెరికా వైపు స్ప్రూయెన్స్. ఎంటర్‌ప్రైజ్, హార్నెట్ అనే క్యారియర్లు ఆయన చేతిలో ఉన్నాయి. దూరం సుమారు 155 మైళ్ళు. ఏడింటికే విమానాలు లేపడం మొదలుపెట్టి, అన్నీ ఒకచోట చేరేదాకా ఆగకుండా పైకి లేచినవాటిని లేచినట్టే పంపేశాడు. దానికి ధర కట్టాల్సి వచ్చింది. ఎత్తునుంచి కిందకి దూకి బాంబు వేసే డైవ్ బాంబర్లు ఒకవైపు, నీళ్ళలో దూసుకెళ్ళే టార్పెడోలు వదిలే టార్పెడో విమానాలు ఒకవైపు, ఫైటర్లు ఒకవైపు అయిపోయాయి. హార్నెట్ టార్పెడో దళంలో 15 విమానాలకి 15 పోయాయి, 30 మందిలో బతికింది ఒక్కడు. హార్నెట్ డైవ్ బాంబర్లకి శత్రువే దొరకలేదు. వాటితో వెళ్ళిన 10 ఫైటర్లూ పెట్రోలు అయిపోయి సముద్రంలో దిగాయి.

మూడో అమెరికా క్యారియర్ యార్క్‌టౌన్ మీదున్న ఫ్లెచర్ వేరే లెక్క వేశాడు. ముందు రోజుల్లో కోరల్ సీ దెబ్బ తిన్నవాడు ఆయనే. అప్పటిదాకా కనపడింది రెండు క్యారియర్లే, మిగతావి ఎక్కడున్నాయో అని ఆగాడు. గంటకి పైగా ఆగి, డైవ్ బాంబర్లలో సగాన్నే పంపాడు, సగం దగ్గర పెట్టుకున్నాడు. ఆలస్యంగా బయల్దేరినా అందరిలోకి కలిసికట్టుగా వెళ్ళింది ఆ గుంపే. పదిన్నర కావడానికి కాసేపు ముందు ఎంటర్‌ప్రైజ్ బాంబర్లు, యార్క్‌టౌన్ బాంబర్లు దాదాపు ఒకేసారి వచ్చిపడ్డాయి. నిమిషాల్లో మూడు జపాన్ క్యారియర్లు అంటుకున్నాయి. మధ్యాహ్నం నాలుగోదైన హిర్యూని వెతికి పట్టుకున్నది, ఫ్లెచర్ దాచుకున్న ఆ సగంలోంచి స్కౌట్‌లుగా వెళ్ళిన విమానాలే.

మూడోవాడు జపాన్ వైపు నగుమో. ఆయనా సగం విమానాలు దాచుకున్నవాడే, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు. 108 విమానాల్ని మిడ్‌వే దీవి మీదకి పంపి, మిగతావాటికి టార్పెడోలు కట్టించి, ఓడలు కనపడితే వాడదామని ఉంచాడు. ఏడుంపావుకి, దీవి మీద ఇంకో దాడి కావాలంటే ఆ టార్పెడోలు విప్పి నేల బాంబులు కట్టమన్నాడు. కాసేపటికి స్కౌట్ ఓడలున్నాయన్నాడు. ఆపమన్నాడు. ఎనిమిదింబావు దాటాక అందులో క్యారియర్ కూడా ఉన్నట్టుందని తెలిసింది. చేతిలో ఉన్నవి ఉన్నట్టే పంపెయ్యమని హిర్యూ మీదున్న యమగుచి అడిగాడు. నగుమో ఒప్పుకోలేదు. మిడ్‌వే నుంచి తిరిగొస్తున్నవాటిని దించుకుని, అన్నీ సర్ది, పద్ధతిగా ఒక్క పెద్ద దెబ్బ కొడదామన్నాడు. పుస్తకంలో అయితే అది సరైన జవాబే. గడియారం ఒప్పుకోలేదు.

ఈ ముగ్గురినీ చెప్పింది ఎవరో ఒకరిని అనుకరించమని కాదు. తొందరపడితే మనుషులు పోతారు, దెబ్బలు చెల్లాచెదురవుతాయి, కానీ మీ డెక్ ఖాళీగా ఉంటుంది. డెక్ ఖాళీగా ఉన్నప్పుడు తగిలిన బాంబు, విమానాలు నిండుగా ఉన్నప్పుడు తగిలిన బాంబు ఒకటి కాదు. సగం పంపితే మొదటి దెబ్బ పలచబడుతుంది, రెండో అవకాశం మిగులుతుంది. మొత్తం ఆపితే, ఆగిన ప్రతి గంటా అవతలివాడికి ఇచ్చినట్టే. మీ రెండో ఆటలో తప్పు ఆగడం కాదు. విమానాలు నింపి డెక్ మీద పెట్టి ఆగడం. ఆగాలనుకుంటే కిందకి దించి, పెట్రోలు తీయించి ఆగండి. మీ ఆటలో దానికి ఒకటి రెండు టర్నులు పడితే పడనివ్వండి. లేదా సగం గాలిలోకి పంపి ఆగండి. నేనైతే మొదట్లో ఎప్పుడూ సగమే పంపేవాణ్ణి. అందుకే పెద్దగా గెలిచిన ఆటలూ లేవు, తుడిచిపెట్టుకుపోయిన ఆటలూ లేవు. మా ఇంట్లో దాన్ని పిరికితనం అనేవారు.

మూడో ఆట సంగతి చిన్నది. విజయవాడ నుంచి గుంటూరు పోవడానికి సరిపడా పెట్రోలు పోయించుకుంటే తిరిగొచ్చేటప్పుడు మంగళగిరి దగ్గర బండి తోసుకోవాలి. 1942లో అమెరికా డెవాస్టేటర్ టార్పెడో విమానం, వైల్డ్‌క్యాట్ ఫైటర్ సుమారు 175 మైళ్ళు దాటి వెళ్ళి తిరిగి రావడం కష్టం. జపాన్ విమానాలు అంతకంటే చాలా దూరం వెళ్ళగలవు. అంటే మీరు దూరంగా జరిగి దాక్కున్నామనుకున్న చోటు మీ బావమరిదికి అందుబాటులోనే ఉంది, అతనున్న చోటే మీకు అందలేదు. దూరం పెరిగితే లాభం అతనిది. మీరు దగ్గరకి పోవాలి. పగలు అతని చూపుకి అందకుండా ఉండి, రాత్రి వేగంగా దూరం తగ్గించి, తెల్లారేసరికి 150 మైళ్ళలో ఉండటం ఒక దారి. దానికి భయం వేస్తుంది, నాకూ వేసేది. లేదంటే విమానాలు పంపాక ఓడల్ని వాటి వెనకాలే ముందుకి నడిపి తిరుగు దారి తగ్గించాలి. ఇక్కడో మెలిక ఉంది. విమానాలు లేవాలన్నా దిగాలన్నా ఓడ గాలికి ఎదురు తిరగాలి. మిడ్‌వే రోజున గాలి పల్చగా, ఆగ్నేయం నుంచి వీచింది. శత్రువేమో ఇంకోవైపు. విమానాలు లేపినంతసేపూ అమెరికా ఓడలు శత్రువుకి దూరంగా పరిగెత్తాల్సి వచ్చింది. మీ ఆటలో గాలి దిక్కు చూపించే చిన్న బాణం గుర్తు ఉండే ఉంటుంది. దాన్ని మీరు ఎప్పుడైనా చూశారా అని నా అనుమానం.

పెద్దవాళ్ళూ ఈ దూరం దగ్గర జూదమాడారు. 1944 జూన్ 20 సాయంత్రం ఫిలిప్పీన్ సముద్రంలో అమెరికా అడ్మిరల్ మిట్షర్, తిరిగొచ్చేసరికి చీకటి పడుతుందని తెలిసీ 200 పైచిలుకు విమానాలు పంపాడు. రాత్రి వాటికోసం ఓడల దీపాలన్నీ వేయించాడు. అయినా 80 దాకా సముద్రంలోనో డెక్ మీదో పడి నాశనమయ్యాయి. మనుషుల్ని చాలామందిని తర్వాత ఏరుకోగలిగారు. కానీ ఆయనకి 15 క్యారియర్లున్నాయి. మీకు మూడు.

ఇక ఫైటర్ల లెక్క. మీరు అడిగిన ఆ ఒక్క అంకె నేను ఇవ్వను, ఎందుకంటే అమెరికా నౌకాదళం దగ్గరే లేదు. యుద్ధం మొదట్లో క్యారియర్‌కి 18 ఫైటర్లు. మిడ్‌వే నాటికి 27. ఆగస్టుకి 36. తొమ్మిది నెలల్లో రెట్టింపు. ఎన్ని ఉన్నా "ఇంటికి చాలవు, బయటికి చాలవు" అనేదే గోల.

అంకెకి బదులు రెండు ప్రశ్నలు ఇస్తాను. మీ ఓడలు అవతలివాడికి కనపడ్డాయా? కనపడి ఉంటే ఇంటి దగ్గర ఎక్కువ ఉంచండి, మూడింట రెండొంతులైనా సరే. అతని స్కౌట్ మీమీదకి రాలేదనుకుంటే ఎక్కువ పంపండి. అమెరికా ఓడలకి రాడార్ ఉంది, మిడ్‌వేలో జపాన్ క్యారియర్లకి లేదు. అంటే మీ ఇంటి కాపలా ఫైటరు అతని కాపలా ఫైటరు కంటే ఎక్కువ పనికొస్తుంది, ముందుగా తెలుస్తుంది కనుక. రెండో ప్రశ్న, ఎవరికి కాపు కావాలి? ఎత్తునుంచి వచ్చే డైవ్ బాంబర్లు కొంతవరకు తమ పాట్లు తాము పడగలవు. నీళ్ళమీద తక్కువ ఎత్తులో, నెమ్మదిగా, తిన్నగా వెళ్ళే టార్పెడో విమానానికి ఫైటర్ లేకపోతే బతుకు లేదు. మిడ్‌వేలో మూడు క్యారియర్ల నుంచి 41 డెవాస్టేటర్లు వెళ్ళాయి. ఒక్క టార్పెడో తగల్లేదు. తిరిగి డెక్ చేరినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కావాలంటే మీరు వాటిని అసలు పంపకుండా డైవ్ బాంబర్లతోనే ఆడొచ్చు. చాలామంది అలా ఆడతారు. బాంబులు డెక్‌ని తగలబెడతాయి, ఓడని ముంచడం మాత్రం కష్టం, కాలిన ఓడని బావమరిది ఇంటికి లాక్కుపోయే వీలుంటుంది. పాయింట్ల ఆటైతే అది బాధే.

ఆ 41 విమానాలు ఉత్తినే పోలేదని కూడా చెప్పాలి. పొద్దుటినుంచి ఒకదాని తర్వాత ఒకటి దాడి వస్తుంటే జపాన్ వాళ్ళ జీరో ఫైటర్లు ఖాళీ లేకుండా ఎగిరాయి. జీరోలో ఒక్కో ఫిరంగికి 60 గుళ్ళే. అవి అయిపోగానే దిగి నింపుకోవాలి. ఫైటర్లు దిగుతూ లేస్తూ ఉన్న డెక్ మీద దాడి విమానాల్ని వరసగా నిలబెట్టడం కుదరదు. నగుమోకి ఆ పొద్దున కరువైంది విమానాలు కాదు, డెక్. మీరు కూడా ఆర్డర్లు ఇచ్చేముందు విమానాల్ని లెక్కపెట్టడం మాని, వచ్చే రెండు గంటల్లో డెక్ ఏ పనికి కావాలో రాసుకుని చూడండి.

మీ నాలుగు పేజీల్లో "స్కౌట్" అన్న మాట ఒక్కసారి వచ్చింది, అదీ తిట్టడానికి. నా ఉద్దేశంలో మీ జబ్బు మూలం అదే. ఒక డైవ్ బాంబర్‌ని వెతకడానికి పంపితే దాడికి ఒకటి తగ్గుతుందని కొత్తవాళ్ళందరూ పిసినారితనం చేస్తారు. కొట్టులో సరుకు తగ్గుతుందని శాంపిల్ ఇవ్వని వ్యాపారిలాగా. మీ కొట్టులో అలా చెయ్యరు కదా? నగుమో ఆ పొద్దున వెతకడానికి పంపింది 7 విమానాల్ని, అందులో ఒకటి అరగంట ఆలస్యంగా లేచింది. అమెరికా వాళ్ళు వెతకడానికి డాంట్‌లెస్ డైవ్ బాంబర్లనే వాడేవారు, బాంబుతో సహా పంపేవారు. 1942 అక్టోబరు 26న శాంటా క్రజ్ దగ్గర అలా వెతకడానికి వెళ్ళిన రెండు డాంట్‌లెస్‌లే జుయిహో అనే క్యారియర్ డెక్‌ని పగలగొట్టి వచ్చాయి. రోజుకి నాలుగోవంతు డైవ్ బాంబర్లు వెతుకులాటకి పెట్టి రెండు ఆటలు ఆడి చూడండి. దాడి పలచబడుతుంది, అది తప్పదు. కానీ మీ బావమరిది ఇప్పటిదాకా మిమ్మల్ని నాలుగు ఆటల్లోనూ ముందు చూశాడని నేను పందెం కాస్తాను.

ఇంకో దారి గురించి ఎవరూ మాట్లాడరు: అసలు పోరాడకపోవడం. మన తీరంలోనే జరిగింది. 1942 ఏప్రిల్‌లో నగుమో అయిదు క్యారియర్లతో హిందూ మహాసముద్రంలోకి వచ్చాడు. బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ పగటిపూట ఎదురుపడితే మిగలమని తెలిసి, పగలు దూరంగా ఉండి, రాత్రి రాడార్ ఉన్న విమానాలతో దొంగదెబ్బ తీయాలని చూశాడు. అవకాశం దొరకలేదు, ముఖ్యమైన ఓడలు మాత్రం చాలావరకు మిగిలాయి. కానీ దాని ధర? ఏప్రిల్ 6న ర్యూజో అనే క్యారియర్ నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక ఓడలు మునిగాయి. హెర్మిస్ అనే పాత క్యారియర్ ఏప్రిల్ 9న సిలోన్ తీరంలో, మీద ఒక్క విమానం కూడా లేకుండా దొరికిపోయి మునిగింది. బలహీనుడు తప్పుకోవచ్చు. తప్పుకున్నప్పుడు ఊళ్ళమీద బాంబులు పడటం చూస్తూ ఊరుకోగలగాలి. మీ స్వభావం చూస్తే మీవల్ల కాదనుకుంటాను, కానీ దారి ఉందని తెలియడం మంచిది.

పక్షాలు మార్చుకోవడం కూడా ఉంది. 1942 మొదటి సగంలో చెయ్యి పొడవున్నవాడు జపాన్. మీరు పొట్టి చెయ్యితో ఆడుతున్నారు. అయిదో ఆటలో జపాన్ తీసుకుంటానంటే బావమరిది కాదనడు. ఒక్కటే చిక్కు. అప్పుడు కూడా ఓడిపోతే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. సంక్రాంతి మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు ఆ కాపీ ఫైలు సంగతి.

మిడ్‌వేకి ముందు, 1942 మేలో, జపాన్ నౌకాదళం యమాతో ఓడ మీద ఇదే యుద్ధాన్ని బల్ల మీద ఆడి చూసుకుంది. అమెరికా విమానాల దాడికి తొమ్మిది బాంబులు తగిలాయని, రెండు క్యారియర్లు మునిగాయని అంపైరు లెక్క వేశాడట. పై అధికారి ఉగాకి ఆ తొమ్మిదిని మూడు చేశాడని, మునిగిన ఒక క్యారియర్ మళ్ళీ తేలిందని అక్కడున్నవాళ్ళు తర్వాత రాశారు. ఆ కథలో ఎంతెంత నిజమో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకు కావాల్సింది వేరే. ఉగాకి ఆ ఆట గెలిచాడు. మీరు ఉగాకి పని చేసి కూడా గెలవలేదు. ఎందుకంటారా? ఫలితం ముందే చూసి మీరు తెలుసుకున్నది "ఈ గంటలో ఇది పనిచెయ్యలేదు" అని మాత్రమే. ఎందుకు పనిచెయ్యలేదో చూడలేదు. ఫైటర్లు లేకుండా బాంబర్లు పోతున్నాయని కనపడితే, ఫైటర్లు పంపకుండా బాంబర్లని వేరే గంటలో పంపారు. పోయిన ఆటకి మందు వేసుకోవడం మాని, పోయిన టర్నుకి వేసుకున్నారు.

చెప్పాలా వద్దా? చెప్పకుండా, ఇకనుంచి టర్ను అతని కంప్యూటర్‌లో నడిచేట్టు మార్చుకోవచ్చు. మీకు కాపీ తీసే అవకాశమే ఉండదు, గొడవా ఉండదు. కానీ ఎందుకు మార్చమంటున్నారని అతను అడుగుతాడు, మీరు మళ్ళీ ఏదో ఒకటి అల్లాలి. చెప్పేస్తే రెండేళ్ళపాటు భోజనాల దగ్గర అదే కథ నడుస్తుంది. అందులో అనుమానం అక్కర్లేదు. బావ వరసైనవాణ్ణి ఆటపట్టించడం బావమరిది హక్కు, ఆ హక్కు ఎవరూ తీసెయ్యలేరు. అయితే మీరు గెలిచి ఉంటే చెప్పడం నిజంగా కష్టమయ్యేది. మీరు ఓడిపోయారు. మోసం చేసి ఓడిపోయిన కథ చెప్పుకునే అదృష్టం అందరికీ రాదు. నేనైతే చెప్పేస్తాను. నవ్వే అవకాశం ముందు నేనే తీసుకుంటాను.

సంక్రాంతి రోజున మిమ్మల్ని గుచ్చింది బావమరిది మాట కాదని నాకనిపిస్తోంది. పిల్లవాడి నవ్వు. వాడికి మీరు ఆడే ఆట కనపడటం లేదు, మీ మొహం ఒక్కటే కనపడుతోంది. ఒక తెల్లకాగితం మీద సముద్రం గీసి, గళ్ళు కొట్టి, స్కౌట్ వార్త వచ్చినప్పుడల్లా ఎక్కడ, ఎన్నింటికి, ఎటు పోతోంది అన్నది వాడిచేత పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. గంట దాటిన వార్త చుట్టూ సున్నా గీయమనండి, రెండు గంటలు దాటితే సున్నా పెద్దది చెయ్యమనండి. ఆ సున్నాలో ఎక్కడైనా ఉండొచ్చు శత్రువు. పదేళ్ళవాడికి అది బాగానే వస్తుంది. మీకంటే బాగా వస్తుందేమో కూడా. విశాఖ వెళ్తే బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి తీసుకెళ్ళండి, ఓడలో మనుషులు ఎంత ఇరుకులో ఉండి ఈ లెక్కలు వేసేవారో తెలుస్తుంది.

ఆట మానెయ్యాలా అన్నదానికి మీ ఆవిడ జవాబు చెప్పేశారు. ఆవిడ అడిగింది రెండిట్లో ఒకటే. మానేస్తే మానెయ్యండి, అది ఓటమేం కాదు, రాత్రిళ్ళు నిద్ర దొరుకుతుంది. ఆడదలుచుకుంటే అయిదో ఆట మొదలుపెట్టే ముందు, ఇంకా ఓడలు కదలకముందే, ఒక చీటీ మీద మూడు ముక్కలు రాసుకోండి: ఎన్ని మైళ్ళలోపు అయితే పంపుతాను, సగమా మొత్తమా, ఏ వార్త వస్తే కదులుతాను. ఆట మధ్యలో ఆ చీటీ మార్చాలనిపిస్తే, ఇవాళ్టి సముద్రంలో ఏదో కొత్తది కనపడి మారుస్తున్నారా, పోయిన ఆట గుర్తొచ్చి మారుస్తున్నారా అని ఒక్కసారి అడుక్కోండి.

కాపీ ఫైలు సంగతి చెప్పడానికి మాత్రం ఫోన్ వద్దు, మెయిల్ అసలే వద్దు. ఆదివారం గుంటూరు వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పండి. పెట్రోలు రెండు వైపులకీ పోయించుకోండి.